పాత ఇండిగో మెరీనా కొనబోతున్నాం (రాయగడ): ఏమేం చూడాలి, ఎక్కడ ఆగిపోవాలి?

మజ్జిగౌరి18

నమస్కారమండీ. మాది రాయగడ. గుణుపురం, కాశీపురం సంతలకి బట్టల మూటలు వెయ్యాలి, మిగతా రోజుల్లో ఇంటిల్లిపాదీ ఎక్కాలి. అంచేత డిక్కీ పెద్దగా ఉండి, మూట ఎత్తి పెట్టడానికి నడుం విరగని బండి కావాలి. మూడు తగిలాయి, మూడూ కప్పు వెనకదాకా సాగి డిక్కీ పెద్దగా ఉండే వ్యాగన్ కార్లే:

1. టాటా ఇండిగో మెరీనా టీడీఐ, 2008, ఏపీ-31 నంబరు, విశాఖ గాజువాకలో ఉంది. మీటరు 1,34,000. ఇప్పుడున్నది రెండో ఓనరు. 85 వేలు చెబుతున్నారు. ఆర్‌సీ 2028 దాకా రెన్యువల్ అయిందట.
2. మారుతీ బలెనో ఆల్టురా పెట్రోలు, 2004, బరంపురంలో.
3. స్కోడా ఆక్టేవియా కాంబీ 1.9 డీజిల్, 2005, భువనేశ్వర్‌లో.

మొదటిదాని మీదే మనసు. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం, మెకానిక్ కుదరలేదు. ఏం పట్టుకెళ్లాలి, ఏ వరసలో చూడాలి చెప్పండి.

సుంకిఘాట్

తమ్ముడూ, ముందు ఫోన్లో ఒక్క మాట చెప్పు: "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు." పాత డీజిల్ బండి గుట్టు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాది. వెళ్లగానే బోనెట్ ఎత్తి రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే ముందే వేడి చేసి ఉంచారన్నమాట. టీ తాగి రా, లేదా ఇంకో రోజు చూసుకో.

పట్టుకెళ్లాల్సినవి: టార్చి, ఫ్రిజ్ మీద అంటించే పల్చటి అయస్కాంతం, కొలిచే టేపు, మల్టీమీటరు, స్క్రూడ్రైవరు, తెల్ల కాగితం, కింద దూరడానికి ఒక పట్టా.

స్టార్ట్ చెయ్యకముందు: రేడియేటర్ మూత తీసి చూడు, చల్లగా ఉన్నప్పుడే సుమా. ఆకుపచ్చో గులాబీయో శుభ్రంగా ఉండాలి. తుప్పు నీళ్లలా ఉంటే ఏళ్ల తరబడి కుళాయి నీళ్లే పోశారు, లోపల హెడ్డు, వాటర్ పంపు తినేసి ఉంటాయి. పైన నూనె పొర తేలితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు కింద ఉండే సీలు) అనుమానం. ఆయిల్ డిప్‌స్టిక్ కాగితం మీద తుడువు. డీజిల్‌లో ఆయిల్ నల్లగా ఉండడం తప్పు కాదు, మజ్జిగలా తెల్లబారితేనే తప్పు. మట్టం గరిష్ఠ గీతకి పైన ఉండి డీజిల్ వాసన కొడితే నాజిల్ కారుతోందో, పంపు సీలు పోయిందో.

ఇప్పుడు తాళం తిప్పు. హీటర్ ప్లగ్గుల (చల్ల ఇంజన్ లేవడానికి లోపల వేడిచేసేవి) దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టు. ఈ టీడీఐ పాతరకం ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్, 1405 సీసీ, హీటర్ ప్లగ్గుల మీదే బతుకుతాది. విశాఖ ఉక్కపోతలో రెండు ప్లగ్గులు చచ్చినా లేస్తాది. పొట్టంగి, సెమిలిగుడ చలిలో తెల్లారగట్ల లేవదు. అక్కడ బాగా లేచింది కదా అని నమ్మకు. ప్లగ్గులని కలిపే రేకుపట్టీ విప్పి ఒక్కోదానికీ ఓమ్స్ చూడు. ఒకటి రెండు ఓమ్స్ లోపు ఉంటే బతికున్నట్టు, కనెక్షనే చూపకపోతే పోయినట్టు.

లేచాక పొగ చూడు. కాసేపు తెల్లగా వచ్చి ఆగితే ఫర్వాలేదు. వేడెక్కాక కూడా తెల్లగా, కళ్లు మండేలా వస్తే ప్లగ్గులో, టైమింగో, కంప్రెషనో. నీలం అయితే ఆయిల్ మండుతోంది, రింగులైనా కావచ్చు టర్బో సీలైనా కావచ్చు. రేజ్ చేసినప్పుడు నల్లగా ఒక ఊపు వచ్చి పోతే సరే, ఆగకుండా వస్తే ఎయిర్ ఫిల్టరు మొదలు నాజిళ్ల దాకా వెతుక్కోవాలి.

బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్లలోంచి గాలి కిందకి తన్నడం, చూడ్డం మర్చిపోకు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి అక్కడే పెట్టు. కొంచెం అదిరితే వయసు. పొగ చిమ్ముతూ మూతని తోసేస్తుంటే ఇంజన్ పని ఉంది, బేరం కూడా ఆడొద్దు.

పర్లాకిమిడి పాతబండి

సుంకిఘాట్ అన్న చెప్పినదంతా నిజమే. కానీ నేను వరస తిప్పేస్తాను. మెరీనా కొనేవాడు ముందు బండి వెనక్కి వెళ్లాలి, ముందుకి కాదు.

కారణం ఇదీ. ఆ ఇంజన్, గేర్‌బాక్సు, ముందు సస్పెన్షన్, బ్రేకులు ఇండికా, ఇండిగోలవే. మన వైపు ఏ ఊళ్లో అయినా విప్పగలిగే మేస్త్రి ఉంటాడు, విశాఖ ఆటోనగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పాత సామాను దొరుకుతుంది. మెరీనాకే ప్రత్యేకమైనవి డిక్కీ తలుపు, దాని అద్దం, వెనక పక్కద్దాలు, వెనక దీపాలు, డిక్కీ లోపలి ప్లాస్టిక్. అవి కొత్తవి దొరకవు, పాతవీ అరుదే. ఇంజన్ పాడైన మెరీనాని బాగుచేసుకోవచ్చు, వెనక అద్దం పగిలిన మెరీనాని పట్టా కట్టి తిప్పాల్సొస్తుంది.

కాబట్టి వెనక చూడాల్సినవి:

డిక్కీ తలుపు పూర్తిగా ఎత్తి వదిలెయ్యి. తనంతట తాను నిలబడాలి. దిగిపోతే గ్యాస్ రాడ్లు పోయాయి, అది చిన్న ఖర్చే. రాడ్ మీద న్యూటన్ల అంకె ముద్రించి ఉంటుంది. అదే అంకె, అదే పొడవు, అదే కొసలున్నవి తేవాలి. బలం ఎక్కువున్నవి వేస్తే తలుపు మూసేటప్పుడు కీలు దగ్గర రేకు వంగుతుంది.

తలుపు పైన, కీళ్ల పక్కన రబ్బరు గొట్టంలోంచి వైర్లు లోపలికి వెళ్తాయి. తలుపు ఎత్తి దించిన ప్రతిసారీ అక్కడే మడతపడతాయి, ఏళ్లు గడిచాక లోపల తెగుతాయి. నంబరు ప్లేటు దీపం, వెనక వైపరు, అద్దం వేడిచేసే గీతలు వేసి, తలుపు నెమ్మదిగా ఆడిస్తూ చూడు. ఆరుతూ వెలుగుతుంటే వైరు తెగింది. ఒక్కో వైరూ కోసి, కొత్త మెత్తటి వైరు టంకం పెట్టి అతకాలి. మెలిపెట్టి టేపు చుడితే నెల తిరక్కుండా ఫ్యూజు కొట్టేస్తుంది.

వెనక వైపరుకి నీళ్లు తెచ్చే పైపు కప్పు లైనింగ్ పక్కగా వస్తుంది. అది ఊడితే నీళ్లు లోపలే కారతాయి. కప్పు బట్ట మీద పసుపు మరక కనబడితే వాన అనుకునేవు, వైపరు నీళ్లు కూడా చూడు.

తర్వాత స్టెప్నీ తియ్యి. గుంతలో వేలు పెట్టి తడి చూడు, రేకు అతుకులు చూడు. కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు సమానదూరంలో గుండ్రంగా ఉంటాయి. గరుకు వెల్డింగ్, సీలెంటు చేత్తో పూసినట్టుంటే వెనక నుంచి గుద్దించుకున్న బండి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఇండిగో కుటుంబంలో వెనక సస్పెన్షన్ కూడా ఇండిపెండెంట్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేది), స్ట్రట్ రకం. అంటే వెనక షాక్ అబ్జార్బర్ పైకొస డిక్కీ లోపల, పక్క లైనింగ్ వెనక ఉన్న రేకు గోపురానికి బిగించి ఉంటుంది. బండి బరువు, నువ్వు వేసే మూటల బరువు ఆ రేకే మోస్తుంది. పక్క లైనింగ్ లాగి టార్చి వెయ్యి. బోల్టుల చుట్టూ రేకు ఉబ్బినా, పొరలుగా రాలినా ఇక మాటలొద్దు. విశాఖ బండి, అందునా గాజువాక. సముద్రపు ఉప్పుగాలి తిన్న బండి. బయట పెయింటు తళతళలాడుతున్నా ఇది చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు.

నాలుగో గేర్

85 వేలు పోసి 2008 బండి, మళ్లీ పైన ఖర్చు. సంతకి మూటలంటే పాత ఓమ్నీ కొనుక్కోవచ్చు కదా? అద్దాలు, దీపాలు అన్నీ దొరుకుతాయి.

పర్లాకిమిడి పాతబండి

@నాలుగో గేర్: మూటలకైతే ఓమ్నీయే మేలు, కాదనను. ఐదుగురిని ఎక్కించుకుని ఏసీ వేసుకుని సాలూరు ఘాట్ ఎక్కమంటే మాత్రం ఓమ్నీ కాదు. అడిగినాయన రెండూ అడిగారు.

ప్రాణహిత తీరం

సిరొంచ నుంచి నమస్తే అన్నా. మా దిక్కు ఎండకాలం ఎట్లుంటదో తెలుసు కదా, గడ్చిరోలి, చంద్రపూర్ దిక్కు 45 దాటుతది. పాత డీజిల్ కారు కొంటే నేను కూలింగే మొదలు చూస్త.

ఏసీ బంద్ పెట్టి, బండి నిలబెట్టి, 20 నిమిషాలు ఐడిల్‌ల ఉంచుర్రి. ఫ్యాన్ తిరగాలె, ఆగాలె, మళ్ల తిరగాలె. ఆగకుంట తిరుగుతనే ఉన్నదంటే ఎవరో స్విచ్చుకు నేరుగ కనెక్షన్ ఇచ్చిన్రు, అసలు సమస్య దాచిన్రు. ఫ్యాన్ అస్సలే తిరగక ముల్లు పైకి పోతే స్విచ్చో, రిలేనో, ఫ్యాన్ మోటరో. ముల్లు సగం కింద కదలకుంట ఉన్నా సంబరపడకుర్రి, థర్మోస్టాట్ తీసి పారేసి ఉండచ్చు. పై పైపు పట్టి చూడుర్రి. మొదలు చల్లగుండి, ఒక్కసారి వేడెక్కాలె. మొదటి నుంచే మెల్లగ వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ లేనట్టే. గట్ల నడిపితే డీజిల్ ఎక్కువ తాగుతది, ఇంజన్ అరుగుతది.

చల్ల ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలల్లనే పై పైపు రాయి లెక్క గట్టిపడితే హెడ్ గాస్కెట్ లీకు. నీళ్లు వేడెక్కకముందే ఒత్తిడి వచ్చిందంటే గ్యాసు నీళ్లలకు పోతున్నట్టు. దీనికి రంగు నీళ్ల టెస్టర్ దొరుకుతది, రేడియేటర్ మూతి మీద పెడితే, గ్యాసు వస్తుంటె నీలం రంగు ఆకుపచ్చకో పసుపుకో మారుతది. చేతిల ఉంటే మంచిది, లేకున్న పైపు చెప్తది.

కరెంటు సంగతి: ఇంజన్ బంద్ ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టులు. ఇంజన్ నడుస్తుంటె 13.8 నుంచి 14.4. లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్ని వేసినా 13.5 కింద పడద్దు. పడితే డైనమో బ్రష్‌లో, బెల్టు వదులో.

ఫారం30

కాగితాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. బండి చూడ్డానికి బస్సెక్కకముందే ఎం-పరివాహన్ (ప్రభుత్వ యాప్)లో ఏపీ-31 నంబరు కొట్టండి. ఓనరు పేరులో కొన్ని అక్షరాలు, ఆర్‌సీ గడువు, బీమా, పొల్యూషన్, ఫైనాన్సు ఉందా లేదా కనిపిస్తాయి. చలాన్లు విడిగా ఈ-చలాన్‌లో చూడాలి. "2028 దాకా ఉందట" అన్నారు. ఆ "ట" పోవాలి.

2008 బండికి మొదటి 15 ఏళ్లు 2023లో అయిపోయాయి. అప్పుడు ఫారం 25తో రెన్యువల్ చేయించి, ఫిట్‌నెస్ చూపిస్తే ఐదేళ్లు ఇచ్చారు. 2028లో మళ్లీ చేయించాలి, అప్పటికి 20 ఏళ్లు దాటుతుంది. 15 దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలు. 20 దాటినవాటికి 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. ఇది కేంద్రం ఫీజు, రాష్ట్రం పన్ను వేరు. ఈ లెక్క బేరంలో పెట్టండి.

ఇప్పుడు ఏపీ నుంచి ఒడిశాకి తేవడం. అమ్మేవారు విశాఖలో ఫారం 28తో ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదనే పత్రం) తియ్యాలి. చలాన్లు, పన్ను బాకీ మిగిలినా, అప్పు ఉండి బ్యాంకు ఒప్పుకోకపోయినా ఎన్‌ఓసీ రాదు. పాత అప్పు తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం చాలా బళ్లలో ఉంటుంది. దానికి ఫారం 35, బ్యాంకు ఉత్తరం కావాలి. బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోయి ఉంటే ఆ ఉత్తరానికే నెల పడుతుంది. తర్వాత ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, మీ ఆధార్, ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు. రాయగడలో ఓడీ-18 నంబరు తీసుకోడానికి ఫారం 27. ఒడిశా పన్ను బండి వయసుని బట్టి పడుతుంది, ఇన్వాయిస్ ధర అడుగుతారు. ముందే ఆర్‌టీఓ ఆఫీసులో లెక్క కట్టించుకోండి.

వేరే రాష్ట్రం బండి 12 నెలలకి మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తప్పనిసరి, అది మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. కొన్నవారు పేరు మార్పుకి 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఏపీ నంబరుతోనే తిప్పేద్దాం అనుకునేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. యాక్సిడెంటు అయ్యేదాకా అది బాగానే ఉంటుంది.

ఛాసిస్ నంబరు ఆర్‌సీతో ఒక్కో అక్షరం పోల్చండి. అంకెల చుట్టూ గీకినట్టు, పెయింటు కొత్తగా ఉన్నట్టు ఉంటే అక్కడితో ఆపండి. ఇంజన్ మార్చి ఉంటే కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కిందా చూడండి. ఇండికా ఇంజన్లు చవగ్గా దొరుకుతాయి కాబట్టి మెరీనాల్లో ఇది మామూలే, కాగితం మీద ఎక్కించడమే మర్చిపోతారు.

మజ్జిగౌరి18

చాలా థాంక్స్ అండీ. ఇంజన్ మార్పు సంగతి అసలు తట్టలేదు. మిగతా రెండు బళ్లు పూర్తిగా వదిలెయ్యమంటారా?

పర్లాకిమిడి పాతబండి

ఆల్టురా మంచి బండి. 1.6 లీటరు పెట్రోలు, మెత్తగా నడుస్తుంది, ఘాట్‌లో మెరీనా కన్నా సుఖం. మూడు చిక్కులు. ఒకటి, షాపులో "బలెనో సామాను" అంటే కుర్రాడు 2015 తర్వాత వచ్చిన హ్యాచ్‌బ్యాక్‌వి తీస్తాడు. ఆ రెంటికీ పేరు తప్ప సంబంధం లేదు, పాత బండి పార్టు నంబరు రాసుకుని వెళ్లాలి. రెండు, ఈ-20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. 2004 బండి రబ్బరు పైపులు, పంపు సీళ్లు దానికోసం చేసినవి కావు. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా రబ్బరు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చే ఖర్చు కలుపుకోవాలి. మూడు, ఇంజను అల్యూమినియం, ఒక్కసారి బాగా వేడెక్కితే హెడ్డు వంగుతుంది. కంప్రెషన్ గేజీ పెట్టించకుండా కొనకూడదు. 12 నుంచి 14 బార్ మధ్య ఉండాలి, సిలిండరుకీ సిలిండరుకీ తేడా 1 బార్ మించకూడదు.

ఆక్టేవియా కాంబీ మూడింటిలోకీ గట్టి బండి, మూడింటిలోకీ ఖరీదైన తలనొప్పి. టైమింగ్ బెల్టు (ఇంజన్‌తో కలిపి వాల్వులని నడిపే పళ్ల బెల్టు) తెగితే వాల్వులు వంగిపోతాయి, కాబట్టి బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు కలిపి మార్చిన బిల్లు ఉంటేనే చూడు. తలుపు అద్దాలు నాలుగూ పైకీ కిందికీ ఆడించు. లోపలి ప్లాస్టిక్ క్లిప్పులు విరిగి అద్దం తలుపులోకి జారిపోవడం ఆ మోడల్‌కి మామూలు. రాయగడలో దాన్ని కంప్యూటర్‌తో చదవగలిగే వాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో ముందు కనుక్కో.

సుంకిఘాట్

బెల్టు మాట వచ్చింది కాబట్టి: మెరీనా టీడీఐకీ టైమింగ్ బెల్టే. అమ్మేవాడు "మొన్నే మార్చాం" అంటాడు. బిల్లు, లేదా ఇంజన్ మీద కిలోమీటర్లు రాసిన స్టిక్కరు, రెండూ లేకపోతే మార్చనట్టే లెక్క. కిలోమీటర్లు తక్కువైనా ఐదేళ్లు దాటిన బెల్టు నమ్మకూడదు, రబ్బరుకి వయసే శత్రువు. ముందు కవరు విప్పి చూసినా లాభం తక్కువ, పగుళ్లు కనబడకుండానే పళ్లు రాలిపోతాయి.

ఇక రోడ్డు. విశాఖలో ఉన్నావు కాబట్టి సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కించు, హైవే మీద తిప్పి ఇచ్చెయ్యకు. నీ బతుకంతా సాలూరు ఘాట్, రాయగడ కొండదార్లే.

ఎక్కేటప్పుడు: ఏసీ వేసి, మూడో గేరులో, నెమ్మది వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. ఇంజన్ గోల పెరిగి వేగం పెరక్కపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. గోలే పెరక్కపోతే టర్బో గాలి ఇవ్వడం లేదు. పైపు క్లిప్పు ఊడిందో, గొట్టం చిరిగిందో ముందు చూడు, టర్బో మార్చాలని భయపెడితే నమ్మకు. దిగాక చల్లారనిచ్చి, గాలి గొట్టం విప్పి టర్బో ఇరుసుని వేళ్లతో కదుపు. పక్కకి ఒక వెంట్రుకవాసి ఆడితే మామూలే. ముందుకీ వెనక్కీ ఆడితే పోయినట్టు.

దిగేటప్పుడు: రెండు, మూడు గేర్లలో కాలు పూర్తిగా తీసెయ్యి. గేరు తనంతట తాను న్యూట్రల్‌లోకి దూకితే గేర్‌బాక్సు విప్పాలి. ఘాట్ దిగువన ఆ గేరు ఊడిందంటే ఏం జరుగుతాదో చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, పొడుగ్గా దిగేటప్పుడు గేరులోనే ఇంజన్ బిగువుతో దిగి, కింద మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనక అద్దంలో చూడు. నీలం పొగ గుప్పుమంటే ఆయిల్ లోపలికి వస్తోంది.

బ్రేకు: ఇంజన్ నడుస్తుండగా పెడల్ గట్టిగా 30 సెకన్లు నొక్కిపట్టు. నెమ్మదిగా కిందకి దిగిపోతే మాస్టర్ సిలిండరు. ఇంజన్ ఆపి ఐదుసార్లు తొక్కి, తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యి. పెడల్ కొంచెం కిందకి దిగాలి, దిగకపోతే బూస్టరు. బ్రేకు ఆయిల్ కాఫీ రంగులో ఉంటే తేమ పట్టింది. ఘాట్‌లో ఆ తేమ మరిగి పెడల్ మెత్తబడతాది. కొన్న రోజే మార్పించు.

మైదానంలో: స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి గుండ్రంగా నడుపు, తర్వాత రెండో వైపు. టకటక మంటే డ్రైవ్ షాఫ్టు జాయింటు. 60 వేగంలో వూ అనే గోల మలుపులో పెరిగి తగ్గితే వీల్ బేరింగు.

ప్రాణహిత తీరం

ఒక్క మాట. టైర్ల పక్కన నాలుగంకెల గుర్తు ఉంటది, 2319 అంటె 2019ల 23వ వారం. ఆరేండ్లు దాటిన టైరు గీతలు ఎంత మంచిగున్నా లెక్కల నుంచి తీసెయ్యుర్రి. వెనక టైర్ల లోపలి అంచు చేత్తోని తడిమి చూడుర్రి, పైనుంచి కనపడది.

మజ్జిగౌరి18

చూసి వచ్చాం. వరసగా రాస్తున్నాను:

చల్లగానే స్టార్ట్ అయింది, తెల్లపొగ వచ్చి ఆగింది. ఒక హీటర్ ప్లగ్గు చచ్చింది. మూత తీస్తే గాలి కొంచెమే. కూలెంట్ ఎర్రటి బురద రంగు, పైపు గట్టిపడలేదు. ఫ్యాన్ తిరిగి ఆగింది. చార్జింగ్ 14.1.

బెల్టు బిల్లు లేదు. సింహాచలం బాగానే ఎక్కింది, గేర్లు ఊడలేదు, పెడల్ దిగలేదు.

వెనక: డిక్కీ తలుపు నిలవదు. నంబరు ప్లేటు దీపం తలుపు ఆడిస్తే ఆరుతోంది. దీపాలు, అద్దాలు అన్నీ బాగున్నాయి, అన్నిటి మీదా ఒకే కంపెనీ గుర్తు, ఒకే ఏడాది. స్టెప్నీ గుంత తడిగా ఉంది. చక్రం మధ్య నుంచి మడ్గార్డు అంచుకి కొలిస్తే కుడి వెనక ఎడమ కన్నా 12 మిల్లీమీటర్లు కింద ఉంది. ఎడమ వెనక మడ్గార్డు అంచున జానెడు మేర అయస్కాంతం అంటలేదు. గోపురాల దగ్గర లైనింగ్ తియ్యడానికి ఓనరు ముందు ఒప్పుకోలేదు, తర్వాత తీశారు. రెండు వైపులా రేకు గట్టిగానే ఉంది, ఎడమ వైపు పైపైన గోధుమరంగు తుప్పు. స్క్రూడ్రైవరుతో గుచ్చినా దిగలేదు.

టైర్లు నాలుగూ 2017వి. వెనక రెంటికీ లోపలి అంచు అరిగింది.

కాగితాల్లో 2028 నిజమే. కానీ ఆర్‌సీలో బ్యాంకు పేరు ఇంకా ఉంది.

పర్లాకిమిడి పాతబండి

గోపురాలు గట్టిగా ఉంటే బండి బతికే బండే. అద్దాలన్నీ ఒకే ఏడాదివి అంటే పెద్ద యాక్సిడెంటు లేదనుకోవచ్చు.

ఎడమ మడ్గార్డుకి అయస్కాంతం అంటలేదంటే రంగు కింద పుట్టీ ఉన్నట్టు. దాని సంగతి: లోపలి నుంచి, చక్రం తీసి ప్లాస్టిక్ కవరు వెనక చూడాలి. చక్రాల నుంచి ఎగిరిన బురద అక్కడ రెండు రేకుల మధ్య కూచుంటుంది, లోపల నుంచి తుప్పు వస్తుంది, బయటవాళ్లు పుట్టీ పెట్టి రంగేస్తారు. ఆ అంచు వరకే అయితే కోసి కొత్త రేకు అతికించవచ్చు. కింద రన్నింగ్ బోర్డులోకి, జాకీ పాయింటు దాకా పాకితే వదిలెయ్యి. జాకీ పెట్టి ఎత్తించు. తలుపు తీసి ఉంచి ఎత్తినప్పుడు తలుపు మూసుకోవడంలో తేడా వస్తే కింద బలం లేదు.

స్టెప్నీ గుంతలో తడి ఎక్కడిదో వెతకడం తేలిక. గుంత తుడిచి, లోపల ఒకరు టార్చితో పడుకుని, బయట నుంచి మగ్గుతో ఒక్కోచోట నీళ్లు పొయ్యాలి: ముందు వెనక దీపం చుట్టూ, తర్వాత తలుపు బీడింగు (అంచు చుట్టూ ఉండే రబ్బరు), ఆఖరున కప్పు క్యారియర్ బోల్టులు. కింద నుంచి పైకి వెళ్లాలి, లేకపోతే ఎక్కణ్నుంచి కారిందో తెలీదు. ఎక్కువగా వెనక దీపం వెనకున్న స్పాంజి పట్టీ ఎండిపోయి ఉంటుంది. దీపం విప్పేటప్పుడు ప్లాస్టిక్ బోల్టు విరగ్గొట్టొద్దు, ఆ దీపం మళ్లీ దొరకదు. బీడింగు చిరిగితే మాత్రం ఊరుకోకు, వ్యాగన్ వెనక గాలి సుడి తిరుగుతుంది, సైలెన్సర్ పొగ లోపలికి లాగుతుంది.

సుంకిఘాట్

12 మిల్లీమీటర్లంటే కుడి వెనక స్ప్రింగ్ కుంగింది. ఒకటే మార్చకు, జత మార్చు. టైరు లోపలి అంచు అరగడానికీ ఇదొక కారణం, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ముల రబ్బరు బుష్‌లు ఇంకో కారణం. బుష్‌లు మార్చాక నాలుగు చక్రాల అలైన్‌మెంటు చేయించాలి. ముందు రెండే చేసి పంపించే షెడ్డుకి వెళ్లకు, ఈ బండికి వెనక కూడా సర్దాలి.

ఖర్చు లెక్క వేసుకో. టైర్లు 175/65 ఆర్14 నాలుగు, సుమారు 18 వేలు. బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు, కూలెంట్ కడిగి నింపడం కలిపి ఓ 6 వేలు. వెనక స్ప్రింగులు, బుష్‌లు, అలైన్‌మెంటు 8 వేలు దాకా. ప్లగ్గులు నాలుగూ ఒకేసారి మార్చెయ్యి. గ్యాస్ రాడ్లు, వైర్లు, మడ్గార్డు రేకు పని అన్నీ కలిపి 40 వేలకి దగ్గరవుతాది. 85 నుంచి అది మొత్తం తీసెయ్యమని అడగలేవు, 55కి మొదలుపెట్టి 60 దగ్గర ఆగు. అంతకన్నా పైన అయితే వేరేది చూసుకో.

నాలుగో గేర్

60 + 40 = లక్ష. ఒడిశా పన్ను వేరే. ఓమ్నీ ఓమ్నీయే అంటాను నేను.

ఫారం30

డబ్బు ఇచ్చే వరస: అడ్వాన్సు 5 వేలకి మించొద్దు, దానికి కాగితం రాయించుకోండి, ఎన్‌ఓసీ రాకపోతే వాపసు అని అందులో ఉండాలి. ముందు బ్యాంకు ఉత్తరం, ఫారం 35, ఆర్‌సీలో అప్పు రద్దు. ఆ తర్వాత ఫారం 28. ఎన్‌ఓసీ రాయగడ ఆర్‌టీఓ పేరు మీద ఉండాలి, ఉత్త "ఒడిశా" అని రాయిస్తే ఇక్కడ తిప్పుతారు. అది చేతికొచ్చాక మిగతా డబ్బు, అదే రోజు ఫారం 29, 30 మీద సంతకాలు, అమ్మకం కాగితం మీద తారీఖుతో పాటు గంట కూడా రాయించండి. ఆ గంటకి ముందు పడిన చలాను వాళ్లది.

బీమా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించండి.

మజ్జిగౌరి18

62 వేలకి ఒప్పుకున్నారు. చక్రం తీసి చూశాం, తుప్పు మడ్గార్డు అంచు వరకే ఉంది, జాకీతో ఎత్తితే తలుపు బాగానే మూసుకుంది. బ్యాంకు ఉత్తరం కోసం ఆగాం. ఈలోగా గ్యాస్ రాడ్లు తెప్పిద్దామంటే పాత రాడ్ మీద అంకె చెరిగిపోయింది. ఎలా?

పర్లాకిమిడి పాతబండి

రెండో వైపు రాడ్ తుడిచి చూడు, ఒకదాని మీదైనా మిగులుతుంది. అదీ లేకపోతే విప్పిన రాడ్ పొడవు చాచి ఒకసారి, నొక్కి ఒకసారి కొలువు, కొసల బంతి గుంట వెడల్పు కూడా. ఆ మూడు కొలతలతో విశాఖలో అడిగితే సరిపడే పొడవున్నవి రెండు మూడు బలాల్లో తీస్తారు. తక్కువ బలంతో మొదలుపెట్టు. తలుపుని సగం దాకా నువ్వు ఎత్తితే మిగతా సగం అది ఎత్తాలి, అది చాలు. బిగించేటప్పుడు సన్న రాడ్ వైపు కిందకి ఉండాలి, లోపలి నూనె సీలు మీద నిలిచి ఎక్కువ కాలం వస్తుంది. ఒక్కొక్కటిగా మార్చు. రెండూ ఒకేసారి విప్పితే తలుపు నెత్తిన పడుతుంది.